రోబోటిక్ టోటల్ స్టేషనుకు రేడియో సంధానము

భూమాపనమునందు కోణమును, దూరమును ఒక్కటిగా కొలుచు సాధనమునకు టోటల్ స్టేషనని పేరు. దానికి తనంతట తాను తిరుగు మోటార్లను, కాంతిని తిరిగి పంపు ప్రిజమును వెదకి పట్టుకొని దాని వెంట చూపు త్రిప్పుకొనుచు పోవు నేర్పును జోడించినచో అది రోబోటిక్ టోటల్ స్టేషనగును. యంత్రము ట్రైపాడుపై ఒంటరిగా నిలిచియుండగా, సర్వేయరు ప్రిజము బిగించిన పోల్‌ను చేతబట్టి, గట్టు వెంటనో రోడ్డు అంచుననో తానే నడచుచు, చేతిలోని కంట్రోలరు ద్వారా దానిని ఆజ్ఞాపించును. ఆ ఆజ్ఞలను యంత్రమునకును, యంత్రము కొలిచిన విలువలను సర్వేయరునకును చేర్చునది రేడియో సంధానము. లక్షల రూపాయల వెలగల యంత్రమును కొనువారు దాని కోణ సూక్ష్మతను సెకండ్లలోను, దూర సూక్ష్మతను మిల్లీమీటర్లలోను పరీక్షించి తీసికొందురే కాని, ఈ సంధానమును గూర్చి విచారించుట అరుదు. పనిలో దిగిన పిదప దినమునందు ఎన్ని గంటలు వ్యర్థమగునో నిర్ణయించునది మాత్రము తరచుగా ఇదియే.

దూరమున నున్న కొలతగాండ్ర నడుమ వార్త నడపవలసిన అవసరము ఈ వృత్తికి క్రొత్తది కాదు. 1802లో లాంబ్టన్ మద్రాసునందు ఆరంభించి, తరువాత ఎవరెస్టు కొనసాగించిన మహా త్రికోణమితి సర్వేలో, దూరపు శిఖరములపై పగలు హీలియోట్రోపు అద్దపు మెరుపులును, రాత్రి దీపములును గురి గుర్తులుగా నిలిచినవి. గ్రామ సర్వేలలో చైన్‌మన్‌కు చేసన్నలును, కేకలును, జెండాలును చాలినవి. రేడియో ఈ రంగమున ప్రముఖముగా కాలుమోపినది 1957లో, దక్షిణాఫ్రికాకు చెందిన ట్రెవర్ వాడ్లీ నిర్మించిన టెల్యురోమీటరుతో. అందు దూరమును కొలుచునవి మైక్రోతరంగములే. వాటిమీదనే రెండు కొనలయందలి పనివారును మాటలాడుకొనెడివారు. స్వీడనునందు ఎరిక్ బెర్గ్‌స్ట్రాండు పరిశోధనల నుండి పుట్టిన జియోడిమీటరు కాంతితో దూరమును కొలిచెడిది. ఆ వంశముననే 1990లో వెలువడిన జియోడిమీటర్ సిస్టమ్ 4000, ఒంటరి సర్వేయరు ప్రిజము వద్ద నుండియే పని నడపుకొనుటకు వీలు కల్పించిన తొలి యంత్రముగా ప్రసిద్ధికెక్కినది. మొదటి తరపు యంత్రములకు రేడియో ప్రత్యేకమైన పెట్టెగా, కేబులుతో తగిలించుకొనవలసినదిగా ఉండెడిది. 2005లో వచ్చిన ట్రింబుల్ ఎస్6 వంటి యంత్రములలో అది లోపలనే అమరినది. లైకా సంస్థ దానిని యంత్రపు పైపిడియందు ఇమిడ్చినది. టాప్‌కాన్ సంస్థ చిరకాలము ఆర్‌సీ శ్రేణి పరికరములతో రేడియోకు బదులుగా కాంతి స్పందనలనే వార్తావాహకములుగా వాడినది.

ఈ కాంతి మార్గపు ప్రయోగము సంధాన లక్షణమును చక్కగా బోధించును. యంత్రము ప్రిజమును చూడవలసినదే కదా, చూపు సాగినంత మేరయు వార్త కూడ ఆ చూపు వెంటనే సాగిన చాలునని తోచుట సహజము. లైసెన్సు అక్కరలేదు, ఇతరుల రేడియోలతో పేచీ లేదు. కాని వార్త ఎప్పుడు అత్యవసరమగునో ఆలోచింపవలెను. యంత్రము ప్రిజమును పట్టుకొని వెంబడించుచున్నంతసేపు దానికి ఆజ్ఞలతో పని స్వల్పము. నడుమ ఒక లారీ అడ్డు వచ్చి చూపు తెగినప్పుడు, సర్వేయరు ఒక చెట్టు వెనుకనుండి మరియొక వైపునకు తేలినప్పుడు, ఎచ్చటికి తిరిగి ఎచ్చట వెదకవలెనో యంత్రమునకు చెప్పవలసివచ్చును. అనగా కాంతి తెగిన క్షణముననే వార్త నిలువవలెను. కంట్రోలరులోని చిన్న ఉపగ్రహ గ్రాహకము సర్వేయరు ఉన్న చోటును లెక్కించి యంత్రమును అటు త్రిప్పు పద్ధతి ఇటీవలి యంత్రములలో వ్యాపించినది. అదియు రేడియో తెగినచో నిష్ఫలమే. కావున రేడియో సంధానమునకు ప్రథమ ధర్మము చూపు పోలేని చోటికి తాను పోగలుగుట. దూరము దాని తరువాతి మాట. ప్రిజమును నమ్మకముగా వెంబడించు దూరము సాధారణముగా కొన్ని వందల మీటర్లకు మించదు గనుక, పది కిలోమీటర్లు పోవు రేడియోకు మూల్యము చెల్లించుట వృథా. మూడువందల మీటర్ల దూరమున మామిడితోట వెనుకనుండి నిలుచు రేడియో నిజముగా మూల్యమునకు తగినది.

మోయవలసిన భారము కొంచెమే. ఒక కొలతకు కోణములు, దూరము, స్థితి సూచికలు కలిసి ఏబది నుండి నూరు బైట్ల వరకు నుండును. సెకనుకు పది కొలతలు వచ్చినను, సెకనుకు 9600 బిట్లు మోయు పాతకాలపు సీరియల్ వేగము దాదాపు సరిపోవును. కెమెరా గల యంత్రము దృశ్యమును కంట్రోలరు తెరకు పంపవలెననిన మాత్రము దీనికి ఎన్నో రెట్లు విశాలమైన మార్గము కావలెను. పరిమాణము కంటె ఆలస్యము ముఖ్యము. మార్కింగు చేయు సర్వేయరు సెకనుకు ఒక మీటరు నడచుచుండగా, విలువ అర సెకను ఆలస్యముగా వచ్చినచో తెరమీది బాణము అర మీటరు వెనుకటి చోటును చూపును. ఆతడు ముందుకు వెనుకకు తారాడుచు కాలము పోగొట్టుకొనును. గ్రేడరు బ్లేడునకు ఎత్తును అందించు పనిలో ఈ ఆలస్యము నేలమీదనే ముద్రపడును: సెకనుకు 1.5 మీటర్లు నడచు గ్రేడరునకు పదవవంతు సెకను ఆలస్యమనిన 15 సెంటీమీటర్లు. నూటికి రెండు వాలుగల రోడ్డుపై అది ఎత్తులో 3 మిల్లీమీటర్ల దోషము. అందుచేతనే ఆర్‌టీకే జీపీఎస్ బేసుకు వాడు 35 వాట్ల యూహెచ్‌ఎఫ్ రేడియో చేతనున్నది కదాయని దానిని రోబోటుకు తగిలింపజూచుట తగదు. ఆ రేడియో ఒక్కవైపునకు ప్రసారము చేయుటకు పుట్టినది. పంపుట నుండి వినుటకును, వినుట నుండి పంపుటకును మారు ప్రతిసారియు అది కొంత కాలమును మ్రింగును. దూరపు సెన్సార్లకు పేరొందిన లోరా పద్ధతియు, దీర్ఘదూర స్థితిలో సెకనుకు కొన్ని వందల బిట్లే మోయగలది గనుక, ఇట్టి సంభాషణకు పనికిరాదు. ఆనకట్టల కదలికను గంటకొకసారి కొలుచు స్థిరయంత్రములకు మాత్రము అది చక్కగా సరిపోవును.

ఇక పౌనఃపున్యము. ఈ పనికి వాడుకలో నున్న పట్టీలు ముఖ్యముగా మూడు: 450 మెగాహెర్ట్జ్ ప్రాంతము, 900 మెగాహెర్ట్జ్ ప్రాంతము, 2.4 గిగాహెర్ట్జ్. అడ్డులేని ఆకాశమున 1 కిలోమీటరు దూరమునకు కలుగు నష్టము మొదటిదానికి సుమారు 86, రెండవదానికి 92, మూడవదానికి 100 డెసిబెల్లు. ఈ లెక్కను చూచి తక్కువ పౌనఃపున్యమే మేలని తీర్మానించు పుస్తకములు కలవు. ఆకాశమున అది సత్యమే. కాని సర్వేయరు పనిచేయునది నేలమీద. యంత్రపు యాంటెన్నా 1.7 మీటర్ల ఎత్తునను, కంట్రోలరు యాంటెన్నా 1.3 మీటర్ల ఎత్తునను ఉన్నవనుకొందము. ఒక తరంగము తిన్నగా పోవును, మరియొకటి నేలను తాకి పరావర్తనము చెంది పోవును. కొంత దూరము దాటిన పిదప ఈ రెండును దాదాపు వ్యతిరేక దశలో కలిసి ఒకదాని నొకటి చంపుకొనును. 2.4 గిగాహెర్ట్జ్‌కు, పై ఎత్తులకు, ఆ హద్దు సుమారు 70 మీటర్లు. అంతకు మించిన దూరములలో అందు శక్తి దూరపు వర్గమును బట్టి కాక చతుర్ఘాతమును బట్టి క్షీణించును; దూరము రెట్టింపైనచో పదునారవ వంతు మిగులును. వింత యేమనగా, సమమైన బయలునేలపై ఆ హద్దు దాటిన పిదప పౌనఃపున్యము లెక్కనుండి తొలగిపోవును. మిగులునవి పంపిన శక్తి, యాంటెన్నాల లాభము, వాటి ఎత్తులు.

ఎత్తుల ప్రభావము వర్గములో నుండుట ఈ విషయమంతటికిని తాళపుచెవి. కంట్రోలరు యాంటెన్నాను 1.3 మీటర్ల నుండి పోల్ కొనకు, 2.6 మీటర్లకు ఎత్తినచో చేరు శక్తి నాలుగు రెట్లగును. 100 మిల్లీవాట్ల రేడియోను తీసివేసి 400 మిల్లీవాట్ల రేడియో పెట్టినట్లే. పదిరెట్లు శక్తిగల రేడియో కొన్నను దూరము 1.8 రెట్లకంటె పెరుగదు. రెండు యాంటెన్నాలను రెట్టింపు ఎత్తునకు లేపినచో దూరమే రెట్టింపగును, బ్యాటరీపై భారము ఏమియు పెరుగదు. దీనినే మరియొక విధముగ చూపవచ్చును. రెండు యాంటెన్నాల నడుమ తరంగము దారమువలె సన్నగా పోదు. కదురువలె నడుమ ఉబ్బియుండును. 500 మీటర్ల దూరమున 2.4 గిగాహెర్ట్జ్‌కు ఆ ఉబ్బు వ్యాసార్ధము సుమారు 4 మీటర్లు. మనుష్యుని ఎత్తున యాంటెన్నా నిలిపినచో ఆ ఉబ్బు క్రింది భాగము చాలవరకు నేలలో కూరుకొనియుండును. కనుక యంత్రమును నిలుపు చోటును ఎన్నుకొనునపుడు కొద్దిపాటి దిబ్బయో, కల్వర్టు గోడయో, మేడపైకప్పో దొరికినచో దానిని విడువరాదు.

పనిచేయుచున్న సర్వేయరును ఒకసారి దగ్గరనుండి గమనింపుడు. పోల్ ఎడమచేత, కంట్రోలరు పోల్‌కు బిగించిన క్లాంపుపై రొమ్ము ఎత్తున నుండును. ప్రిజమును గుర్తుపై నిలిపి, బుడగను మధ్యకు తెచ్చి, తెరపై ఎండ పడకుండ ఆతడు తన ఒడలిని అడ్డు త్రిప్పును. సూర్యుడు యంత్రము ఉన్న దిక్కున నున్నచో ఆతని వీపు యంత్రమునకు, రొమ్ము కంట్రోలరుకు. మానవశరీరము అధికభాగము నీరు, 2.4 గిగాహెర్ట్జ్ తరంగమును అది పది, ఇరువది డెసిబెల్ల మేర అడ్డగింపగలదు. ఇరువది డెసిబెల్లనిన నూరవ వంతు మిగులుట. వెంటనే తెరపై సంధానము తెగినదన్న ఎర్రగుర్తు లేచును. ఆతడు రేడియో చెడినదని తలచును. ఇటు తిరిగి యంత్రమువైపు చూచినంతనే అది మరల బ్రతుకును. యాంటెన్నాను కంట్రోలరు నుండి వేరుచేసి పోల్‌పై తలకంటె ఎత్తున, ప్రిజమునకు అడ్డురాకుండ బిగించుటయే దీనికి మందు. ఆ కేబులు పొట్టిదిగా నుండవలెను; సాధారణమైన సన్నని ఆర్‌జీ-58 కేబులు 2.4 గిగాహెర్ట్జ్ వద్ద మీటరుకు సుమారు 1 డెసిబెల్ మ్రింగును. యాంటెన్నా నిలువుగా నుండవలెను. ఒకటి నిలువుగను, రెండవది వాలి అడ్డముగను ఉన్నచో ధ్రువణభేదము వలన మరియొక ఇరువది డెసిబెల్లు పోవచ్చును. అధిక లాభముగల పొడవాటి యాంటెన్నా సమభూమిపై మేలు చేయును. కొండవాలుపై దాని పలుచని పుంజము సర్వేయరు తలపైనుండియో కాళ్ల క్రిందనుండియో పోవును గనుక అచ్చట పొట్టి యాంటెన్నాయే మంచిది.

బయలునేలపై పౌనఃపున్యములకు భేదము లేకున్నను, చెట్ల నడుమ కలదు. పచ్చని ఆకులందలి నీరు 2.4 గిగాహెర్ట్జ్‌ను ఎక్కువగా శోషించును. 900 ప్రాంతపు తరంగము, దాని పొడవు 33 సెంటీమీటర్లు గనుక, కొమ్మల చాటుననుండి కొంత వంగి పోగలదు. 450 ప్రాంతము ఇంకను సులభముగ పోవును. వానచినుకు ఈ దూరములలో లెక్కలోనిది కాదు, వానకు తడిసిన ఆకు లెక్కలోనిదే. సొరంగములలో మాత్రము న్యాయము తలక్రిందగును: తిన్నని విశాలమైన సొరంగము తరంగమును గొట్టమువలె నడపును, అచ్చట హెచ్చు పౌనఃపున్యమునకే నష్టము తక్కువ, మలుపు వచ్చినచో ఆ మేలు చాలవరకు పోవును.

2.4 గిగాహెర్ట్జ్ పట్టీ ప్రపంచమంతటను లైసెన్సు లేక దొరకునది గనుక తయారీదారులకు ప్రియమైనది. ఆ కారణముననే కిక్కిరిసినది. వైఫై, బ్లూటూత్, డ్రోనుల నియంత్రణ, సుమారు 2.45 గిగాహెర్ట్జ్ వద్ద పనిచేయు మైక్రోవేవ్ పొయ్యిలు అన్నియు 83.5 మెగాహెర్ట్జ్ వెడల్పులోనే. ఈ రద్దీలో బ్రతుకుటకు వాడు ఉపాయము పౌనఃపున్యమును క్షణక్షణము మార్చుకొనుచు పోవుట. ఈ తలంపునకు 1942 ఆగస్టు 11న అమెరికాలో పేటెంటు పొందినవారు సినీతార హెడీ లమార్, సంగీతకారుడు జార్జి అంథైల్. టార్పిడోను శత్రువు కనిపెట్టలేకుండ నడపుటకై 88 పౌనఃపున్యముల మధ్య దూకు పద్ధతిని వారు ప్రతిపాదించిరి. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 1985లో ఈ జాతి రేడియోలకు లైసెన్సు లేని పట్టీలను తెరచిన తరువాతనే సర్వే యంత్రములకు ఇట్టి సంధానము సులభమైనది. బ్లూటూత్ 79 చానెళ్లపై సెకనుకు 1600 సార్లు దూకును. 2003 నాటి 1.2 రూపము నుండి, రద్దీగా నున్న చానెళ్లను గుర్తించి వదలివేయు నేర్పు దానికి అలవడినది. 100 మిల్లీవాట్ల క్లాస్ 1 బ్లూటూత్‌తో ఇండ్ల స్థలములు, భవన నిర్మాణము వంటి చిన్న పనులు హాయిగ సాగును. ఒకే స్థలమున రెండు మూడు రోబోట్లు పనిచేయునపుడు వాటి చానెల్, నెట్‌వర్క్ సంఖ్యలను ఉదయమే వేరువేరుగ నిర్ణయించుకొని వ్రాసిపెట్టుకొనవలెను.

శక్తి హద్దులు దేశమును బట్టి మారును. అమెరికాలో 2.4 గిగాహెర్ట్జ్‌పై ప్రసారిణికి 1 వాట్, యాంటెన్నా లాభముతో కలిపి 4 వాట్లు చెల్లును. ఐరోపాలో అన్నియు కలిపి 100 మిల్లీవాట్లే. కాబట్టి అమెరికా కరపత్రమునందలి దూరము ఐరోపాలో దొరకదు. ఐరోపా వారి 868 ప్రాంతమునందు 500 మిల్లీవాట్లకు అనుమతిగల సన్నని పట్టీ ఒకటి కలదు గాని, అందు కాలమున పదవవంతు మించి ప్రసారము చేయరాదను నియమము ఎడతెగని సంభాషణకు ప్రతిబంధకము. అమెరికాలో లైసెన్సు లేక వాడు 902–928 మెగాహెర్ట్జ్ రేడియోలు దూరమునను, చెట్లనడుమను పేరుపొందినవి. పాత యంత్రములకు బయటినుండి తగిలించు రేడియోలలో ఎక్కువ భాగము ఇవియే.

భారతదేశములోని కొనుగోలుదారు మెలకువగా నుండవలసినది ఇచ్చటనే. మన దేశమున 890–915 మెగాహెర్ట్జ్ మొబైలు ఫోను నుండి టవరునకు పోవు పట్టీ. అమెరికానుండి చౌకగా వచ్చిన పాత రోబోటుతో కూడి వచ్చు 900 రేడియో ఇచ్చట తెరచినచో అది చట్టవిరుద్ధమగుటయే కాక సమీపపు టవరునకు వినికిడి చెడగొట్టును. ఇచ్చట లైసెన్సు లేక వాడదగిన పట్టీలు 2005 ప్రకటనల వలన ఏర్పడిన 2.4 గిగాహెర్ట్జ్, మొదట 865–867గా తెరచి పిదప 868 వరకు పెంచిన మెగాహెర్ట్జ్ పట్టీ. రెండింటను ప్రసారిణికి 1 వాట్, వికిరణమున 4 వాట్లు హద్దు. 450 ప్రాంతపు రేడియోకు కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగము ఇచ్చు లైసెన్సు కావలెను. లైసెన్సు అక్కరలేని పరికరమునకు సైతము ఆ విభాగపు ఆమోదపత్రము, ఈటీఏ, ఉండవలెను.

ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరులో ఆరంభమైన భూముల పునఃసర్వే డ్రోనులపైనను, కార్స్ అను స్థిర ఉపగ్రహ గ్రాహక కేంద్రముల సవరణలను అందుకొను జీఎన్‌ఎస్‌ఎస్ రోవర్లపైనను నడచినది. ఆకాశము విశాలముగ కనబడు పొలములకు అదియే తగిన పద్ధతి. కొబ్బరితోటలలోను, చిక్కని గ్రామకంఠపు సందులలోను, ఉపగ్రహ సంకేతము చెట్లకును గోడలకును తగిలి చెదరు చోట్ల టోటల్ స్టేషను వినా గతిలేదు. రేడియో సంధానమునకు కఠినపరీక్ష పెట్టు చోట్లును ఇవియే. కావున యంత్రమును కొనదలచిన వారు అమ్మకందారుని ప్రదర్శనను ఆటస్థలమున చూచి తృప్తి పడక, తాము పనిచేయబోవు తోటకో సందునకో యంత్రమును రప్పించి, వీపు యంత్రమువైపు త్రిప్పి, కంట్రోలరును రొమ్మున కానించి, మూడువందల మీటర్ల దూరమున వెదకుమను ఆజ్ఞ ఎన్నిసార్లు చేరుచున్నదో స్వయముగ లెక్కించుకొని, ఈటీఏ పత్రమును చేతబట్టుకొనిన పిదపనే సొమ్ము చెల్లింపవలెను.